ఆదివారం అత్తగారు

జూలై 2, 2006, ఆదివారం

ఇవాళ్టి నుంచి నేను యాక్టివిటీస్ ఇన్‌ఛార్జిని. పేరు పెద్దది, పని వ్యానులో ముందు సీటులో కూర్చుని తలలు లెక్కపెట్టడం.

అమీర్‌పేటలో జావా, ఒరాకిల్ బోర్డుల మధ్య మా ఇంగ్లీషు సెంటర్ బోర్డు కూడా ఒకటుందని పక్క మెట్లెక్కే వాళ్ళకే తెలీదు. సూడాన్‌లో, యెమెన్‌లో, తజికిస్తాన్‌లో మాత్రం తెలిసిపోయింది. పద్నాలుగు మంది దిగారు. పది వారాల కోర్సు. వారమంతా క్లాసులు, ఆదివారం విహారం. తిరుగుతూ మాట్లాడితే భాష తొందరగా వస్తుందని మా డైరెక్టర్ గారి సిద్ధాంతం.

గోల్కొండకి తీసుకెళ్ళాను. గుమ్మం కింద అందరిచేతా, కొండపైకి వినబడే ఆ చప్పట్లు కొట్టించి, పై దాకా ఎక్కించాను. డ్రైవర్ రాజనర్సయ్య కింద నీడలో నిలబడి నవ్వాడు. "గింత ఎండల ఎక్కిస్తే ఇంగ్లీషు ఏమొస్తది మేడం? ఉన్న అరబ్బీ సుత మర్చిపోతరు."

సూడాన్ నుంచి వచ్చిన నర్సు ఒకామె ఉంది, హవా అని. ముప్పై ఏళ్ళుంటాయి. సగం మెట్లెక్కాక నా సీసాలో నీళ్ళడిగింది. ఇచ్చాను. తిరిగి ఇవ్వబోతే ఉంచుకోమన్నాను. నేనేదో గొప్ప మనసుతో ఇచ్చాననుకుని రెండు చేతులా అందుకుంది. ఇంట్లో సీసాలు బోలెడున్నాయి కదా, అందుకే ఇచ్చేశాను.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకముందే అత్తయ్య గారు బాల్కనీలోంచి, "ఇవాళ మీ పిల్లలు ఎక్కడికెళ్ళారమ్మా?" అన్నారు. రాజమండ్రి టెలిఫోన్ ట్రంకు ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్ళు ఆపరేటరుగా చేశారు. చెవులు పోయి మెషీన్ పెట్టుకుంటున్నారు గానీ ఆరాలు మాత్రం పోలేదు. గోల్కొండ అని ఒక్క మాట చెప్పి లోపలికి పోయాను.

జూలై 5

డైరెక్టర్ గారి పేరు వీరవెంకటసత్యనారాయణ. ఆయన పూర్తి సంతకం పెట్టేసరికి టీ చల్లారిపోతుంది కాబట్టి ఇక్కడ సార్ అనే రాస్తాను.

సార్ బ్రోషర్ చూపించారు. గోల్కొండ, సాలార్‌జంగ్, హుస్సేన్‌సాగర్‌లో బోటు, సినిమా, ఖైరతాబాద్ వినాయకుడు. వాటికింద లావు అక్షరాలతో, 'భారతీయ కుటుంబంతో ఒక ఆదివారం భోజనం'.

"స్టాఫ్ మొత్తంలో సంసారం, సొంత ఫ్లాటు ఉన్నది మీకే కదమ్మా. పంజాగుట్ట, రెండడుగుల దూరం. ఇంట్లో పెద్దావిడ కూడా ఉన్నారు. ఇంతకన్నా ఏం కావాలి?" అన్నారు.

మిగతా వాళ్ళు నా వైపు చూస్తున్నారు. తప్పకుండా సార్ అన్నాను.

జూలై 6

అత్తయ్య గారు ఒప్పుకోరు.

జూలై 8

ఎలా ఒప్పుకుంటారు? కార్తీకమాసంలో ఉల్లిపాయ కూడా తినరు. దేవుడి గది తలుపు పనిమనిషి రాజమ్మని ముట్టుకోనివ్వరు. అలాంటి ఇంట్లో పద్నాలుగు మందిని, అందులోనూ వాళ్ళని, వరుసగా కూర్చోబెడితే ఇంకేమన్నా ఉందా! పాపం పెద్దావిడని ఇబ్బంది పెట్టడం నాకే ఇష్టం లేదు. అపార్టుమెంటు వాళ్ళు కూడా ఏదో ఒకటి అంటారు.

మా ఆయన కేదార్‌కి చెబితే లాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే, "అమ్మనడుగు" అన్నాడు. ఆవిడ కడుపున పుట్టి ఆవిడ సంగతి నాకు తెలిసినంతైనా తెలీదు ఈయనకి.

జూలై 11

రాజనర్సయ్య వ్యాను కడుగుతూ నా గోడంతా విన్నాడు. గుడ్డ పిండి భుజాన వేసుకుని అన్నాడు.

"గింత దానికి ఫికర్ ఎందుకు మేడం? మా వదినె చిలకమ్మ కృష్ణానగర్‌ల ఉంటది. సినిమాలల్ల తల్లి వేషం ఏస్తది, అత్త వేషం ఏస్తది, పీనుగు కాడ ఏడ్వమంటే మస్తు ఏడుస్తది. ఆ సందులనే షూటింగులకిచ్చే ఇల్లొకటుంది. ఆదివారం ఖాళీనే. వంట హోటల్‌కెళ్ళి తెప్పిద్దాం. గా పరదేశపోళ్ళకు ఏం ఎరక?"

ఛీ అన్నాను. సాయంత్రం బస్‌స్టాపులో నిలబడి ఆలోచిస్తే, ఇందులో ఎవరికీ నష్టం లేదు కదా అనిపించింది.

జూలై 16, ఆదివారం

అయిపోయింది. బ్రహ్మాండంగా అయింది.

ఇల్లు చూసి నేనే నోరు తెరిచాను. తులసికోట, ఉయ్యాల బల్ల, ఇత్తడి బిందెలు. తులసి మాత్రం ప్లాస్టిక్‌ది. హాలులో దండ వేసిన పెద్దాయన ఫోటో ఒకటుంది. ఎవరని అడిగారు. మా మామగారు, పోయారు అన్నాను. హవా ఆ ఫోటో ముందు నిలబడి అరచేతులు రెండూ పైకి తెరిచి పెదవులు కదిపింది. ఆ ఫోటో అక్కడి వాచ్‌మన్ మొగిలయ్యది. సినిమాల్లో చనిపోయిన తండ్రి కావలసి వస్తే అతని ఫోటోకే దండ వేస్తారట.

చిలకమ్మకి అరవై ఉంటాయి. గద్వాల చీర, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు. కుంకుమ చూడగానే నా గుండె ఆగినంత పనయింది, పోయిన మామగారి ఫోటో ఎదురుగానే ఉందాయె. ఎవరికీ తెలీలేదు. నడవడం కొంచెం కుంటుతోంది. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు, నేను చెబుతానులెండి అన్నాను. ఆవిడ ఒక్కొక్కరి తల మీదా చెయ్యి పెట్టింది. అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి, చెప్పకుండానే, నా గడ్డం పట్టుకుంది. "గిది నా కోడలు గాదు, నా బిడ్డ. గీమె లేకుంటే నాకు పొద్దువోదు." కళ్ళలో నీళ్ళు కూడా తెప్పించుకుంది.

నాక్కూడా వచ్చాయి. అది నటన అని తెలుసు. అసలావిడ ఎనిమిదేళ్ళలో ఒక్కనాడు అలా అన్నారా?

వచ్చేసరికి అత్తయ్య గారు తలుపు తీసి, "ఇవాళ ఎక్కడికి?" అన్నారు. మ్యూజియం అన్నాను.

జూలై 17

సార్ చాలా సంతోషించారు. వచ్చే నెల మళ్ళీ పెట్టమన్నారు.

జూలై 30

హుస్సేన్‌సాగర్. వాన. బోటు కట్టేశారు. అందరం వ్యానులో కూర్చుని మిరపకాయ బజ్జీలు తిన్నాం. తజికిస్తాన్ అబ్బాయి ఏడ్చినంత పని చేశాడు, బుద్ధుడి విగ్రహం చూడలేదని కాదు, కారానికి.

హవా ఇవాళ రాలేదు. ఆదివారం ఎందుకు రావని నిన్న క్లాసులో అడిగితే, స్నేహితురాలిని చూడ్డానికి వెళ్ళాలి అందట. హైదరాబాదులో ఈమెకి స్నేహితురాలెవరో!

ఆగస్టు 13

ఇవాళ సినిమా. మాటలు అర్థం కాకపోయినా ముఖాలు చూసి కథ చెప్పాలి, అదీ అభ్యాసం. ఇంటర్వెల్ ముందు జమీందారు పోతాడు. శవం చుట్టూ ఆడవాళ్ళు. వాళ్ళ మధ్య జుట్టు విరబోసుకుని చిలకమ్మ.

వెనక వరసలోంచి యెమెన్ పిల్లలిద్దరూ, "మమ్మీ! మమ్మీ!" అని అరిచారు. హాలంతా తిరిగి చూసింది. నేను కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. మా అత్తగారికి నటన సరదా, అప్పుడప్పుడూ పిలుస్తుంటారు అని చెప్పాను. నమ్మారు. చప్పట్లు కూడా కొట్టారు.

హవా అరవలేదు. చప్పట్లు కొట్టలేదు. నా వైపు చూసింది. చీకట్లో ఏం కనబడి ఉంటుందిలే.

ఆగస్టు 20

రెండో భోజనం. బాగానే జరిగింది. రాయడానికేం లేదు.

ఆగస్టు 24

అత్తయ్య గారు ఇవాళ పేపరు మడిచి పక్కన పెట్టి, "మీ పిల్లల్లో అరబ్బీ మాట్లాడేవాళ్ళున్నారా?" అని అడిగారు. ఉన్నారన్నాను. "కువైట్ లైను కలిపేటప్పుడు అవతలి ఆపరేటరు రోజూ ఏదో పలకరింపు అనేవాడు. నేనూ తిరిగి అనేదాన్ని. దాని అర్థం ఇప్పటికీ తెలీదు," అన్నారు. కుక్కరు కూస్తోందని లేచి వెళ్ళిపోయాను.

కుక్కరు అప్పటికింకా కూయలేదు.

సెప్టెంబరు 3

ఖైరతాబాద్. జనం, ధూళి. పద్నాలుగు తలలూ సరిపోయాయి. వచ్చే ఆదివారం తెల్లవారుజామున బేగంపేట నుంచి వీళ్ళ విమానం. నా తల మీంచి బరువు దిగిపోతుంది.

సెప్టెంబరు 9, శనివారం

రాయకూడదనుకున్నాను. రాయకపోతే రేపటికి ఇంకోలా గుర్తుంచుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

మధ్యాహ్నం మూడింటికి బెల్లు మోగింది. తలుపు తీస్తే హవా. చెప్పులు అప్పటికే బయట విడిచి, చేతిలో కాగితం సంచితో నిలబడి ఉంది. రాజనర్సయ్య దింపాడట. ఆమెకి నా ఇల్లు ఆ షూటింగు ఇల్లు కదా! నోటికొచ్చినట్టు చెప్పాను, ఇది మా ఆయన ఆఫీసు పని కోసం తీసుకున్న ఫ్లాటు అని. ఆమె తల ఊపింది.

అప్పుడే అత్తయ్య గారు బాల్కనీలోంచి వచ్చారు. చెంగు సర్దుకుంటూ, నవ్వుతూ, ఎవరో రావలసిన వాళ్ళు వచ్చినట్టు వచ్చారు. హవా ఆవిడని చూసింది. తరువాత నన్ను చూసింది. ఏమీ అడగలేదు, అలా చూస్తూ ఆగింది. నేను చెప్పడానికి చాలా సమయం ఇచ్చింది.

నేను ఇంగ్లీషులో చెప్పాను, ఈవిడ మా వంటావిడ అని.

అత్తయ్య గారి చెవికి మెషీన్ లేదనుకున్నాను. పడుకుని లేచినప్పుడు పెట్టుకోరు. వినబడలేదనే అనుకున్నాను. ఆవిడ నవ్వు మారలేదు. వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలిపి తెచ్చారు. ట్రేలో రెండే కప్పులు. రెండే తెచ్చారని చూడగానే నాకు తెలిసిపోయింది.

హవా లేచి నిలబడి రెండు చేతులా కప్పు అందుకుంది. మీరూ మాతో కూర్చోండి అంది ఇంగ్లీషులో. అత్తయ్య గారు తడుముకోకుండా, తప్పు లేకుండా, ఇంగ్లీషులోనే జవాబిచ్చారు. లోపల పని ఉందమ్మా, మీరు మాట్లాడుకోండి, ప్రయాణం క్షేమంగా సాగాలి, అని. ముప్పై ఏళ్ళు దేశదేశాలకి లైన్లు కలిపిన గొంతు అది. ఆ గొంతు నేను ఈ ఇంట్లో ఎన్నడూ వినలేదు.

వెళ్ళేటప్పుడు హవా కాగితం సంచి నా చేతిలో పెట్టింది. తెల్లటి నూలు శాలువా. మీ అత్తగారికి, అంది.

సెప్టెంబరు 10, ఆదివారం

కేదార్ టిఫిన్ తిని బయటికి వెళ్ళాక అత్తయ్య గారే మొదలుపెట్టారు. కోపంగా కాదు. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ.

"మెషీన్ పెట్టుకునే ఉన్నాను నిన్న."

కాళ్ళ మీద పడ్డాను. ఊరికే రాయడం లేదు, నిజంగా పడ్డాను. మొత్తం చెప్పేశాను, చిలకమ్మ, ఉయ్యాల బల్ల, దండ వేసిన వాచ్‌మన్. మొగిలయ్య దగ్గర ఆవిడకి నవ్వొచ్చింది, ఆపుకున్నారు.

"మీరు ఒప్పుకోరని..." అన్నాను.

"నన్నడిగావా?"

అడగలేదు. జూలై ఆరు నుంచీ ఈ డైరీ అంతా తిరగేశాను. అడిగినట్టు ఎక్కడా లేదు. అడిగినంత నమ్మకంగా మాత్రం రాసుకున్నాను.

ఆవిడ మరో కాయ తీసుకున్నారు. "అడిగుంటే ఏమనేదాన్నో నాకూ తెలీదు. నాకూ ఉన్నాయి పాత పట్టింపులు. కాదనేదాన్నేమో. కానీ ఆ కాదనడం నేను చెయ్యాలి కదమ్మా. నీ మనసులో మాటకి నా మడి కట్టావు."

నీ మనసులో మాట. అదే అన్నారు.

ఇక దాచి ఏం లాభం, చూసేది నేనొక్కదాన్నే. వాళ్ళు మా సోఫాలో కూర్చోవడం, మా గ్లాసులతో తాగడం, మా బాత్రూముకి వెళ్ళడం ఇష్టం లేనిది నాకు. ఎదురింటి కమలకుమారి గారు తలుపు సందులోంచి చూసి ఏమనుకుంటారో అని భయపడింది నేను. ఆ సీసా ఇంట్లో బోలెడున్నాయని ఇవ్వలేదు. ఆమె పెదవులు తగిలాయని ఇచ్చేశాను. ఎంఏ ఇంగ్లీషు చదివాను. మానవత్వం మీద పిల్లలకి వ్యాసాలు దిద్దుతాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది.

సెప్టెంబరు 11

శాలువా చిలకమ్మకి ఇద్దామని కృష్ణానగర్ వెళ్ళాను. అత్తగారికి అని ఇచ్చింది కదా, హవా దృష్టిలో అత్తగారంటే ఆవిడే కదా అని. ఇంత జరిగాక కూడా నా బుర్ర అలాగే పని చేసింది.

చిలకమ్మది రేకుల గది. మంచం మీద కూర్చుని ఉంది, కుడికాలికి శుభ్రంగా కట్టు కట్టి ఉంది. శాలువా చూసి చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు పోయిన శుక్కురారమే చీర ఇచ్చింది. గిది నాది గాదు. నీ అత్తది."

నాకు అర్థం కాలేదు.

"గా పిల్లకు మొదటి దినమే ఎరుకైంది అమ్మా. దండేసిన మొగిలయ్య గేటు కాడ బీడీ తాగుతుండు. ఆమె ఫోటో దిక్కు చూసింది, గేటు దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. ఆమెకు నా మాట రాదు, నాకు ఆమె మాట రాదు. ఏం జెప్పాలె? చేతులు జోడించిన. నవ్వింది. నోటి మీద ఏలు వెట్టుకుంది, ఎవలకు చెప్పనని."

"మరి మళ్ళీ వచ్చింది కదా భోజనానికి?"

"భోజనానికేంది, శుక్కురారం శుక్కురారం వచ్చింది. ఓ ఆదివారం సుత వచ్చింది, వానల. నేను కుంటుతున్నది చూసిందాయె. షుగరు పుండు. కడిగి, మందేసి, కట్టు గట్టేది. గీ మంచం మీదనే కూసునేది, నా గిలాసల్నే చాయ్ తాగేది." కాలికట్టు సర్దుకుంది. "మొన్న రాజనర్సుతోని అడిగిపిచ్చింది, అసలు అత్త ఎట్లుంటదని. పొయ్యేముందు ఒక్కసారి చూస్తనన్నది. గందుకే మీ ఇంటికి దింపమన్న. నువ్వు చూపిచ్చినవా?"

చూపించానన్నాను. అది అబద్ధం కాదు.

వీధిలోకొచ్చాక గానీ అర్థం కాలేదు. ఆమె అంతా తెలిసే వచ్చింది. నన్ను నిలదీయడానికి రాలేదు. రెండు నెలలు నా పరువు కాపాడి, వెళ్ళిపోయే ముందు నిజం చెప్పుకోవడానికి నాకొక అవకాశం ఇద్దామని వచ్చింది. గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది. ఆ ఎదురుచూపుకి నేనిచ్చింది ఇంకో వేషం, ఈసారి నా సొంత అత్తగారికి.

సెప్టెంబరు 12

శాలువా ఇచ్చాను. ఎవరు పంపారో, ఎందుకు వచ్చిందో, అంతా చెప్పాను. అత్తయ్య గారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా బాల్కనీలోనే కూర్చున్నారు. భోజనం వంటింట్లో స్టూలు మీద కూర్చుని చేశారు. టేబుల్ దగ్గరికి రమ్మంటే, ఇక్కడ గాలి బాగుందన్నారు.

వంటింట్లో గాలి ఎక్కడుంది?

సెప్టెంబరు 13

స్టాఫ్ మీటింగులో సార్ విద్యార్థులు విమానం ఎక్కే ముందు రాసిచ్చి వెళ్ళిన అభిప్రాయాలు చదివారు. బోటు లేదని ఒకరు, కారం ఎక్కువని ఒకరు. హవా కాగితం నా పక్కకి తిరిగి పైకే చదివారు. అన్ని విహారాలూ బాగున్నాయి. అందరికన్నా మంచివాళ్ళు ధాత్రి మేడం ఇంట్లో పెద్దవాళ్ళు. ఒక్క సలహా. ఈసారి నుంచి వంటావిడని కూడా టేబుల్ దగ్గర కూర్చోబెట్టండి.

"ఏంటమ్మా ధాత్రి గారూ, వంటావిడనంత ఇదిగా చూస్తున్నారా ఇంట్లో?" అని సార్ నవ్వారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వచ్చే నెల కొత్త బ్యాచ్, పదహారు మంది. కుటుంబ భోజనం మళ్ళీ మీ ఇంట్లోనే కదా అన్నారు. ఈసారి నిజంగానే మా ఇంట్లో సార్ అన్నాను. అదేంటి, ఇన్నాళ్ళూ ఎవరింట్లో పెట్టారు అని అడిగారు. అందరి ముందూ చెప్పాను. ఆయన ముఖం చూడలేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో రేపు తెలుస్తుంది.

సెప్టెంబరు 14

ఉద్యోగం ఉంది. సార్ నాతో మాట్లాడటం లేదు గానీ కొత్త బ్యాచ్ కాగితాలు నా టేబుల్ మీదే పెట్టించారు.

సాయంత్రం అత్తయ్య గారి కుర్చీ పక్కన నేల మీద కూర్చుని అడిగాను. ఎనిమిదేళ్ళలో ఆవిడని నేను ఏదైనా అడగడం ఇదే మొదలేమో. మాటలు కూడదీసుకుని అడిగాను. వచ్చే నెల పదహారు మంది వస్తారు, ఎక్కడెక్కడి వాళ్ళో, మనింట్లో భోజనం పెడదామనుకుంటున్నాను, మీకు ఇష్టమేనా, ఇష్టం లేకపోతే లేదని చెప్పండి, అన్నాను.

ఆవిడ వీధిలోకి చూస్తూనే అన్నారు.

"రమ్మను. పప్పు, వంకాయ కూర నేనే చేస్తాను."

నా ప్రాణం లేచి వచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకోబోయాను. అప్పుడు చెవి దగ్గర మెషీన్ సరిచేసుకుని నా వైపు తిరిగారు.

"వాళ్ళకి నేనెవరినని చెబుతావో ముందే చెప్పమ్మా. దానికి తగిన చీర కట్టుకుంటాను."

వెటకారమైతే బాగుండేది. ఆవిడ నిజంగానే అడిగారు.